పందిరి: తెలుగు రంగస్థల విమర్శలో విస్మృత ప్రకరణము

తెలుగున నాటకరచన ఆలస్యముగా మొదలగుటకు కారణములు వెదకిన విమర్శకులు తఱచుగా చెప్పుచు వచ్చిన మాట యొకటి కలదు. ప్రాచీనకాలమున తెలుగునాట నాటకశాలలు లేవు. శాల లేనిచోట నాటకము పెరుగదు. కావుననే కోరాడ రామచంద్రశాస్త్రిగారి మంజరీమధుకరీయము పుట్టిన 1860 ప్రాంతము వఱకు మనకు నాటకము లేకపోయినది. ఇదియే ఆ వాదము.

ఈ వాదములోని తుదిమాటతో మాకు పేచీ లేదు. మొదటిమాటనే పరిశీలింపవలసియున్నది. రాతిగోడలో, ఇటుకగోడలో గల శాలలు పల్లెజనులకు అందుబాటున లేవనుట నిజము. కాని యక్షగానము, వీథిభాగవతము, చిందు భాగవతము, ఒగ్గుకథ మొదలగు ప్రదర్శనకళలు తరతరములుగా ఈ నేలమీద నడచుచు వచ్చినవి. అవి ఏ నీడను నడచినవి? గుంజలు పాతి, వాసములు కట్టి, ఆకు కప్పిన పందిరి నీడను. అదియు లేనినాడు పందిరి మేరకు గీచుకొన్న ఆరుబయట. పందిరిని శాలగా లెక్కింపనివారికి తెలుగునాట శాల కనబడకపోవుట వింత కాదు.

పందిరి నాటకశాల లేమికి గుర్తు కాదనియు, అది తనకు తానుగా ఒక రంగస్థలరూపమనియు, దానికి తగినట్లు మలచుకొన్న పాఠములను గోడలుగల శాలయొక్క కొలతలతో తూచుటచే మన విమర్శ కొన్ని తప్పుతీర్పు లిచ్చినదనియు ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము. ఆ తప్పుతీర్పులలో మాదియు ఒకటి యున్నది. దానిని తగినచోట చెప్పుకొందుము.

పదము, వస్తువు

పందిరి దేశ్యపదము. పందిలి యనునది దీనికి రూపాంతరము. తమిళ మలయాళములలోని పందల్ దీనికి జ్ఞాతి. ఆ తమిళరూపమునే ఆంగ్లేయులు తమ భాషలోనికి తీసికొనిరి. ఆంగ్లము ద్వారా అది వంగదేశము చేరినది. నేడు కలకత్తాలో దుర్గాపూజకు వెదురుతోను బట్టతోను వేయు మహాకట్టడములను బెంగాలీలు పిలుచుచున్నది ద్రావిడభాషల మాటతోనే.

తెలుగున ఈ మాట వాడుక చాల విరివియైనది. పెండ్లిపందిరి, చలిపందిరి, మల్లెపందిరి, పందిరిమంచము అనుచున్నాము. పెండ్లిపందిరి క్రింద మనుష్యులు కూర్చుందురు. మల్లెపందిరిపై తీగ ప్రాకును. ఒకటి నీడనిచ్చునది, మఱొకటి ఊతమిచ్చునది. రెండింటికిని భాష ఒకేమాట చాలుననుకొన్నది. ఏలయన రెండింటను కట్టడము తనకొఱకు తాను లేదు. ఒకదానిని ఎత్తిపట్టుటకు ఉన్నది. ఆ పని తీరిన పిమ్మట దానికి నిలువవలసిన పని లేదు.

మండపము అట్లు కాదు. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభములగుడి మండపమును, 1213 నాటి పాలంపేట రామప్పగుడి రంగమండపమును నేటికిని చూడగలుగుచున్నాము. రామప్పగుడికి 2021లో ప్రపంచ వారసత్వస్థానమను గుర్తింపు లభించినది. కాకతీయుల నాటి నృత్తమును గూర్చి వ్రాయువారందఱు ఆ స్తంభములను, ఆ మదనికలను చూపుట సహజమే. కాని అదే కాలమున ఆ గుడుల వెలుపల జాతరలలో వేసిన పందిళ్ల సంగతి యేమి? రాయి నిలిచినది, వెదురు నిలువలేదు. నిలిచినదానినే చరిత్ర చూచినది. ఇది చరిత్రకారుల దోషమని మేము అనము. సాక్ష్యముయొక్క స్వభావమే అట్టిది. అయినను సాక్ష్యము మిగులకపోవుట వేఱు, వస్తువు లేకపోవుట వేఱు.

జర్జరము

శాస్త్రగ్రంథములందు సాక్ష్యము బొత్తిగా లేదనుటయు సరికాదు. నాట్యశాస్త్రము ప్రథమాధ్యాయమున చెప్పబడిన కథ మన విద్యార్థులందఱు ఎఱిగినదే. తొలినాట్యము ఇంద్రధ్వజోత్సవమున ప్రయోగింపబడినది. విఘ్నులు నటుల మాటను, చేష్టను, జ్ఞాపకమును స్తంభింపజేసిరి. ఇంద్రుడు కోపించి తన ధ్వజము నెత్తి వారిని మోది జర్జరులను గావించెను. అందుచే ఆ ధ్వజమునకు జర్జరమను పేరు వచ్చినది. ఆ పిమ్మటనే బ్రహ్మ విశ్వకర్మను పిలిచి నాట్యగృహము నిర్మింపుమనెను.

ఈ కథను రంగపూజకు మూలముగా చదువుట పరిపాటి. మేము దీనిని క్రమమునకై చదువుమని కోరుచున్నాము. ఉత్సవము మొదట, ధ్వజము తరువాత, శాల కడపట. భరతుని సంప్రదాయమునందే నాట్యము శాలకంటె ముందుపుట్టినది. అది పుట్టిన చోటు ఒక బహిరంగోత్సవము.

జర్జరమునకు వెదురే శ్రేష్ఠమని శాస్త్రము చెప్పుచున్నది. దాని పొడవు నూట ఎనిమిది అంగుళములు. అయిదు పర్వములు, నాలుగు కణుపులు. పై పర్వమున బ్రహ్మ, రెండవదానియందు రుద్రుడు, మూడవదానియందు విష్ణువు, నాలుగవదానియందు కుమారస్వామి, అడుగుదానియందు శేషాదినాగులు ఉందురు. తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు, చిత్రవర్ణము అను క్రమమున ఆ పర్వములకు వస్త్రములు చుట్టవలెను. ఉత్సవమునకు ముందు ఒక వెదురుగడను పాతి, దానికి రంగుగుడ్డలు చుట్టి, పసుపు కుంకుమలతో పూజించిన పిమ్మటనే పందిరిపని మొదలుపెట్టు ఆచారమును చూచినవారికి ఈ వర్ణనము క్రొత్తగా తోపదు. శాస్త్రమునుండి ఆచారము వచ్చినదో, ఆచారమునుండి శాస్త్రము వచ్చినదో తేల్చుట మా ఉద్దేశము కాదు. రెండును ఒకే వస్తువును గౌరవించుచున్నవనుట చాలును.

అయితే శాస్త్రము చెప్పిన శాల పందిరికి పూర్తిగా ఎదురైనది. నాట్యమండపము కొండగుహవలె ఉండవలెను, గాలి చొరరాదు, గవాక్షములు చిన్నవి కావలెను, అప్పుడే గాత్రమునకు, వాద్యమునకు గంభీరత కలుగును. మనుష్యులకు అరువదినాలుగు హస్తముల పొడవు, ముప్పదిరెండు హస్తముల వెడల్పు చాలును. అంతకు మించినచో నటుని మాట విస్వరమగును, ముఖమునందలి భావము కనబడదు. ఈ హెచ్చరికను మనసునందుంచుకొందము. గాలి నాలుగువైపుల వీచు పందిరిలో, కొలతకు మించిన జనము నడుమ, తెలుగు ప్రదర్శకుడు ఈ చిక్కును ఎట్లు తీర్చుకొన్నాడన్నదే ముందు రాబోవు ప్రశ్న.

తెలుగు కావ్యములలో జాతరరంగమునకు ప్రసిద్ధమైన చిత్రము పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రములోని పర్వతప్రకరణమున గలదు. శ్రీశైలమున శివరాత్రికి చేరిన జనము నడుమ ఆటపాటలు సాగుచుండగా గడలపై ఆడువారిని కవి దివియందు ఆడు అమరాంగనలతో పోల్చినాడు. ఇచట గడ కట్టడములో భాగము కాదు, గడయే రంగము. ఒక కఱ్ఱను నిలువబెట్టి దానిని రంగస్థలముగా చేసికొనుట పందిరికి బీజప్రాయమైన భావన.

నస్పూరున చూచినది

గ్రంథమునుండి నేలమీదికి వచ్చెదము. నస్పూరు మంచిర్యాలకు ఆనుకొని, గోదావరి ఉత్తరపుగట్టు చేరువ, బొగ్గుగనుల నడుమ నున్న ఊరు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరులో ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరినది. నది కావలిగట్టు పూర్వపు కరీంనగరు జిల్లా. గనిపనికై నలుదిక్కులనుండి వచ్చినవారు తమ వెంట తమ కొలుపులను, కథలను, ఆటలను తెచ్చుకొనిరి. అందుచేత ఇచటి ఉత్సవపందిరి ఒక్క ఊరిది కాదు, పెక్కు ఊళ్లది.

కొన్నియేండ్లక్రిందట పొలాల అమావాస్య గడచిన పిమ్మట, వినాయకచవితి నవరాత్రులకై ఒక పందిరి వేయుట మేము మొదటినుండి కడదాక చూచితిమి. అరువది అడుగుల పొడవు, నలువది అడుగుల వెడల్పు ఉండవచ్చును. పని చేయించినవాడు డెబ్బదియేండ్లు దాటిన మేదరి వృద్ధుడు. చేసినవారు అతని ఇంటివారు, ఇరుగుపొరుగువారు నలుగురు. కాగితముపై గీత లేదు. త్రాటితో నేల కొలిచి, సున్నముతో గుర్తులు పెట్టిరి.

వెదురు రెండు తెగలది. ఆదిలాబాదు అడవులలో మిక్కిలిగా పెరుగు సన్నని గట్టివెదురు ఒకటి. లోన బోలు చాల తక్కువ. ఈ ప్రాంతమున కంక యందురు. లావుగా పొడవుగా పెరిగి లోపల బోలుండు ముండ్లవెదురు రెండవది; దాని కాడ బొంగు. బరువు మోయు గుంజలకు కంక, దూరము సాగవలసిన వాసములకు బొంగు. వృద్ధుడు ప్రతి బొంగును మచ్చుకత్తి వెనుకతో తట్టి వినుచుండెను. పగులున్నదాని పలుకు వేఱు. మొదలు క్రిందికి, కొన పైకి ఉండునట్లు పాతుట, కట్టు ఎల్లప్పుడు కణుపునకు ఆనునట్లు వేసి జారకుండ చేయుట, నాలుగుమూలల ఏటవాలు కఱ్ఱలు కట్టి గాలికి ఒరుగకుండ ఆపుట, ఇవన్నియు మాటలు లేకుండ జరిగిపోయినవి. ఎచటను మేకు కొట్టలేదు. వెదురునార నిలువుగా సాగును; మేకు దిగినచో అది ఆ దారినే చీలిపోవును. నీట నానిన త్రాటితో బిగించిరి. త్రాడు ఆరినకొలది కట్టు బిగియును. కమానులకును శిఖరమునకును దబ్బలు చీల్చి వంచిరి. పైన తాటికమ్మలు, తడకలు కప్పిరి. ముంగిట మామిడిమండలు కట్టిరి.

పని ముగిసిన పిమ్మట చూడగా వాసముల కొనలు కొన్నిచోట్ల మూరెడు, కొన్నిచోట్ల బారెడు బయటికి పొడుచుకొని యున్నవి. మాకది పనితనపు లోపముగా తోచినది. కొనలు ఏల కోయలేదని అడిగితిమి. ఆ వృద్ధుడు నవ్వి, "కోస్తే మల్ల దేనికి అక్కరకొస్తది సారూ?" అనెను. ఈ పందిరికి ఎక్కువైన మూరెడు ఇంకొక పందిరికి సరిపడును. ఆ పిమ్మట కట్టును చూపి మఱొక మాట చెప్పెను: "కట్టుడు ఎవలైన కడ్తరు. ఇప్పొచ్చేటట్టు కట్టుడే పని."

ఈ రెండు వాక్యములలో పందిరియొక్క లక్షణశాస్త్రమంతయు ఉన్నదని మా నమ్మకము. శాలను కట్టువాడు నిలుచుటకు కట్టును. పందిరి కట్టువాడు పదిరాత్రులు గట్టిగా నిలుచుటకును, పదునొకండవనాడు ఒక్క లాగున విడిపోవుటకును కట్టును. విడిపోవుట పందిరికి నాశము కాదు, అది మొదటినుండి ఉద్దేశించిన ముగింపు. ఏ కఱ్ఱయు ఈ పందిరికే చెందినది కాదు. ప్రతికఱ్ఱయు ఇంకొక పందిరికి మిగిలియుండును.

పందిరి పాఠమునకు చేసినదేమి?

ఇచట మా తప్పును చెప్పుకొనవలెను. డాక్టరేటు పట్టమునకై సమర్పించిన వ్యాసమున మేము తెలంగాణపు యక్షగానములను పరిశీలించుచు, వానియందు పునరుక్తి హెచ్చనియు, పాత్రలు తమ్ము తాము పరిచయము చేసికొనుట అసహజమనియు, ఒక కథలోని దరువులు మఱొక కథలో యథాతథముగా కనబడుట కవుల సోమరితనమనియు వ్రాసితిమి. పరీక్షకులు ఆక్షేపింపలేదు. పైగా మెచ్చుకొనిరి. అచ్చుప్రతులను బల్లపై పెట్టుకొని చదివినవాడు అట్లు వ్రాయక తప్పదు. పందిరిలో కూర్చుండి విన్నవాడు అట్లు వ్రాయలేడు.

పందిరికి తలుపు లేదు. మూడువైపుల తెరచియుండును. గనిలో రెండవవంతు పని దిగి నడిరేయి వచ్చువాడు ఉండును. బిడ్డను నిదురపుచ్చి వచ్చు తల్లి యుండును. ప్రేక్షకుడు ఎప్పుడు వచ్చినను కథ అందవలెను. కావున కథ ఇంతవఱకు ఏమైనదో వచనములో మరల మరల చెప్పుట తప్పనిసరి. మేము పునరుక్తియన్నది నిజమునకు వచ్చినవారికి వేసిన చాప.

పందిరికి గోడ లేదు. మాట తిరిగి రాదు. భరతుడు భయపడిన విస్వరత్వమునకు మన ప్రదర్శకులు కనిపెట్టిన మందు వంత. ముఖ్యగాయకుడు విడిచిన పాదమును వెనుకవారు అందుకొని సాగదీయుదురు. మద్దెల, తాళము దానిని మోసికొని కడపటి వరుస దాక చేర్చును. దీర్ఘాక్షరములపై ఆగు దరువుల నడకను, పల్లవి మాటిమాటికి వచ్చుటను ఈ దృష్టితో చూడవలెను. శాలలో గోడ చేయు పనిని పందిరిలో వంత చేయుచున్నది.

పందిరికి నేపథ్యగృహము లేదు. ఇరువురు పట్టుకొన్న తెరయే నేపథ్యము. తెర వెనుక గజ్జె మ్రోగుట, కిరీటపు కొన కనబడుట, ప్రవేశదరువు మొదలగుట, తెర తొలగుట, నీవెవ్వరవని సూత్రధారుడో హాస్యగాడో అడుగుట, పాత్ర తన బిరుదులు చెప్పుకొనుట, ఇదియంతయు ఒక పద్ధతి. కాగడా వెలుగున ముఖములోని సూక్ష్మభావము కనబడదు కావుననే పొనికికఱ్ఱ నగలు, ముదురు రంగులు, పెద్ద అడుగులు వచ్చినవి. పాత్రపరిచయము అసహజమనువాడు ఆ వెలుగును ఎఱుగడు.

ఇక ఒక కథలోని దరువు మఱొక కథకు పోవుట. ఆ మేదరి వృద్ధుడు కోయక విడిచిన వాసపు కొనలను జ్ఞప్తికి తెచ్చుకొన్ననాడు మాకు దీని రహస్యము విప్పినట్లైనది. సీతను ఓదార్చుటకు కట్టిన దరువు చంద్రమతిని ఓదార్చుటకును పనికివచ్చును. దానిని ఒక్క కథకే సరిపడునట్లు కోసినచో అది ఆ కథతోనే చచ్చును. కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయము మొదలు మన కాలమునకు చేరువవాడైన చెర్విరాల భాగయ్య కృతుల వఱకు యక్షగానములను ఈ దృష్టితో మరల చదువవలసియున్నది. సోమరితనమని మేము వ్రాసినది ఒక నిర్మాణసూత్రము.

పందిరిలో ఆడిన ప్రతిదియు మంచిదేయని దీని అర్థము కాదు. మంచి వంతయు ఉండును, చెడ్డ వంతయు ఉండును. కథను అందించు పునరుక్తి యుండును, రాత్రిని గడపుటకై చేయు పునరుక్తియు ఉండును. పందిరికి తగిన కొలతతో తూచినప్పుడే ఈ రెండింటి భేదము తెలియును. శాల కొలతతో తూచినచో రెండును ఒకే దోషముగా కనబడును.

పాకలనుండి శాలలకు

ఆధునిక నాటకమునకును పందిరికిని సంబంధము లేదనుకొనుట మఱొక పొరపాటు. 1880లో ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరము వచ్చి పాకలు వేసి నాటకములాడిరి. వారు వెడలిన పిమ్మట ఆ పాకలయందే కందుకూరి వీరేశలింగముగారు తమ విద్యార్థులచేత నాటక మాడించిరి. తెలుగు నాటకప్రదర్శన చరిత్రలో తొలిపుటగా చెప్పుకొను ఘట్టము జరిగినది ఒక తాత్కాలికపు కట్టడము క్రింద! 1885లో కడప మండలపు సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో మొదలైన సురభి సమాజములు తమ శాలను తామే మోసికొని ఊరూర తిరిగినవి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, 1947 నాటి సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల మా భూమి, పల్లెలకు పోయినవి గాని పల్లెలలో శాలలు కట్టబడువఱకు ఆగలేదు. రచన మాఱినది, ప్రేక్షకుల ఆశయములు మాఱినవి. పందిరి మాత్రము వారికిని చోటిచ్చినది.

అయినను ఈ ఘట్టములను వర్ణించునప్పుడు మన గ్రంథములు నాటకకర్తను, నటుని, పోషకుని పేర్కొనును. పాకను ఒక్క మాటలో దాటిపోవును. పాక వేసినవాని పేరు ఎచటను రాదు. పాక అపురూపమైనది కాకపోవుటయే ఇందుకు కారణము కావచ్చును. ఎల్లప్పుడు ఉన్నదానిని ఎవరును వ్రాసిపెట్టుకొనరు.

ఉద్వాసన

తాత్కాలికత తక్కువతనమన్న భావము మన ఉత్సవములకు సరిపడదు. రెండేండ్ల కొకమాఱు జరుగు మేడారము సమ్మక్క సారలమ్మల జాతరలో విగ్రహము లేదు. గద్దెపై వెదురు, కుంకుమభరిణెరూపమున చిలకలగుట్టనుండి వచ్చు తల్లి. జాతర ముగియగానే తల్లి వనప్రవేశము చేయును. అంత జనము కొలిచిన దేవత అడవికి మరలిపోవును, గద్దె మిగులును. బతుకమ్మను రోజంతయు పేర్చి సాయంకాలము నీటిలో విడుతురు. గణపతిని నిమజ్జనము చేయుదురు. ఆవాహనమెంత ముఖ్యమో ఉద్వాసనమంత ముఖ్యము.

పందిరి ఈ కుటుంబములోనిది. పందిరి విప్పుదినమున నస్పూరులో మఱల నిలిచి చూచితిమి. కట్టుటకు కొన్నిదినములు పట్టినది ఒక పూటలో విడిపోయినది. కఱ్ఱలు పొడవునుబట్టి వేఱువేఱుగా పేర్చిరి. గుంటలు పూడ్చిరి. మఱునాడు ఆ చోట పిల్లలు ఆడుకొనుచుండిరి. ఆ చోటు మరల వీథియైనది. వీథి ఎవరిదియు కాదు కావున పదిరాత్రులు అందఱిదైనది. స్థిరమైన శాలకు యజమాని, తలుపు, తాళము ఉండును. పందిరికి ఉన్నది ఒక పూనికయే. ఎవరు లోనికి రావచ్చును, ఎవరు ముందు కూర్చుండవలెను అను తగవులు పందిరిలోను లేకపోలేదు. కులభేదములు అచటికిని వచ్చినవి. కాని వీథిని తలుపుతో మూయుట పందిరికి సాధ్యము కాలేదు.

పూర్వపక్షము

ఇట్లు వ్రాయుచుండగా ఒక ఆక్షేపము రాకమానదు. వెదురు, ఆకు, బట్ట, త్రాడు ఇవన్నియు నిప్పునకు ఆహుతులు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని దబ్వాలిలో ఒక పాఠశాల వేడుకపందిరికి నిప్పంటుకొని నాలుగువందలమందికి పైగా, పెక్కుమంది పిల్లలు, మరణించిరి. ఆ పందిరి కృత్రిమపు నూలుబట్టతో కప్పబడినది. బయటికి పోవు దారి ఇఱుకు. తాత్కాలికపు కట్టడములయందు అగ్నినివారణకై భారతీయ ప్రమాణసంస్థ ప్రత్యేకనియమావళిని ఏర్పఱచినది. ఇనుపగొట్టముల వేదికలు దృఢమైనవి, త్వరగా లేచునవి. 1954లో ఒక్క అడుగు విగ్రహముతో మొదలైన ఖైరతాబాదు గణపతి 2024 నాటికి డెబ్బది అడుగులకు చేరినాడు. అట్టి ఎత్తులకు వెదురు చాలదు. ఇట్టి స్థితిలో వెదురుపందిరిని స్తుతించుట గతకాలముపై మమకారము మాత్రమే గదా?

ఆక్షేపములోని నిజమును మేము అంగీకరించుచున్నాము. ప్రాణరక్షణకు మించిన సౌందర్యము లేదు. ఒక్క విషయమును మాత్రము గమనింపవలెను. దబ్వాలిలో జనమును బంధించినది మూసిన ప్రక్కలు. మూడువైపుల తెరచిన పందిరి లక్షణమును మఱచిపోయి, దానికి శాలవలె గోడలు తొడిగినచో ప్రమాదము హెచ్చును. కట్టడము తాత్కాలికమైనంతమాత్రమున విద్య తాత్కాలికము కారాదనియే మా వాదము.

ఈ విషయమున హాంకాంగు మనకు పాఠము. అచట దేవతల పుట్టినదినములకు కాంటనీ గేయనాటకము లాడుటకై వెదురుతో పెద్ద రంగశాలలు కట్టి, ఆట ముగియగానే విప్పుదురు. ఆ గేయనాటకమును యునెస్కో 2009లో మానవజాతి వారసత్వపట్టికలో చేర్చినది. హాంకాంగు ప్రభుత్వము అంతటితో ఆగక, 2017లో ప్రకటించిన తన పట్టికలో వెదురు రంగశాల కట్టు విద్యను వేఱుగా పేర్కొన్నది. ఆట వేఱు, ఆట నిలిచిన పందిరి వేఱు, రెండును విద్యలే యను వివేకము అందున్నది. కలకత్తా దుర్గాపూజకు 2021లో లభించిన గుర్తింపులో సైతము పందిళ్లు కట్టువారి శిల్పమునకు పాలున్నది.

మన ఉత్తరతెలంగాణమునకు వచ్చినచో, మేదరులును, తడకలు తట్టలు అల్లుటయందు నేర్పరులైన కోలాములును ఈ విద్యకు ఆధారము. అడవివెదురు వీరిద్దఱికే మిగులలేదు. 1938లో స్థాపింపబడిన సిరిపూరు కాగితపుమిల్లు 1942 నుండి ఆదిలాబాదు వెదురును కాగితముగా మార్చినది. 2014లో మూతపడి 2018లో మరల తెరవబడిన ఆ మిల్లు పెక్కు కుటుంబములకు అన్నము పెట్టినదనుట మఱవరాదు. అయినను పందిరిగా నిలువవలసిన వెదురు కొంత కాగితమై, ఆ కాగితముపై పందిరిని గూర్చి యేమియు వ్రాయబడకపోవుట మనవంటివారిని కొంచెము ఆలోచింపజేయవలెను.

పరిశోధకులకు విన్నపము

మా పెద్దలు వేసిన పునాది గట్టిది. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయసాహిత్యము (1958), ఎస్వీ జోగారావుగారి ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర (1961), పోణంగి శ్రీరామ అప్పారావుగారి తెలుగు నాటక వికాసము (1967) లేనిచో ఈ ప్రశ్న వేయుటకు సైతము మాకు శక్తి యుండెడిది కాదు. వారు పాఠమును, కాలమును, కర్తను నిర్ణయించి యిచ్చిరి. పాఠము నిలిచిన చోటును నిర్ణయించుట మన తరమువారి పని.

అందుకు మూడు పనులు తక్షణము చేయదగినవి. మొదటిది, ఏ యక్షగానమునో చిందు భాగవతమునో పరిష్కరించువారు తాళపత్రపు కొలతలతోపాటు, ప్రదర్శింపబడిన పందిరి కొలతలు, దాని దిక్కు, తెర పట్టు చోటు, ప్రేక్షకులు కూర్చుండు తీరు సేకరించి పీఠికలో చేర్పవలెను. ఆడినవారు ఇంకను కొందఱు జీవించియున్నారు. రెండవది, పందిరి కట్టువారి మాటలను సేకరింపవలెను. గుంజ, నిట్టాడు, వాసము, దబ్బ, తడక, కంక, బొంగు అనునవి మాకు వినవచ్చినవి. ఒక్కొక్క కట్టునకు, ఒక్కొక్క ముడికి వేఱువేఱు పేళ్లు ఉండక తప్పదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయ పదముల మాండలిక వృత్తిపదకోశము ఇట్టి సేకరణకు మార్గము చూపియున్నది. మూడవది, ప్రదర్శనమును వర్ణించు ప్రతి వ్యాసమునందు పందిరి వేసినవారిని, వారు సమ్మతించినచో, పేరుతో పేర్కొనవలెను. మద్దెల వాయించినవాని పేరు వ్రాయుచున్నాము. ఈ మర్యాద వీరికి చెల్లవలసినదే.

ఆ నస్పూరు వృద్ధుని మనుమడు ఇప్పుడు ఇనుపగొట్టముల వేదికలు బిగించు పనిలో నున్నాడు. అతడు ఆ పని చేయుటను మేము తప్పుపట్టము. తాత వేసిన ముడిని అతడు వేయగలడా యని అడుగగా, వేయగలనుగాని దాని పేరు తెలియదనెను. పేరు పోయిన పిమ్మట ముడి ఎన్నాళ్లు నిలుచునో చెప్పలేము. ఆ పేరును తాతనుండి అడిగి వ్రాసికొనుట మన శాఖలవంటివారు చేయదగిన పని. దానికి పెద్ద ధనము అక్కఱలేదు, ఒక విద్యార్థి, ఒక పుస్తకము, కొన్ని దినములు చాలును. రాబోవు నవరాత్రులకు ముందే ఎవరైన పూనుకొందురని ఆశించుచున్నాము.